దారిప్రక్కన మూటముల్లె: తెలుగు వలసకూలీలును, బొంబాయి కాలిబాటల చట్టమును

తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయు పరిశోధకులు సాధారణముగా శాసనములను, దేవాలయములను, కవులను, మధుర తంజావూరుల నేలిన నాయకరాజులను గూర్చి వ్రాయుచుందురు. అది తగినదే. కాని సరిహద్దులు దాటిన తెలుగువారిలో అధికసంఖ్యాకులు రాజులును కారు, కవులును కారు. వారు మన్ను త్రవ్వినవారు, రాయి కొట్టినవారు, చెరువులకు కట్టలు పోసినవారు. పనియున్న చోట దారిప్రక్కన గుడిసె వేసికొనిరి. పని తీరినంతనే మూటముల్లె సర్దుకొని మరియొక చోటికి సాగిరి. ఆ మూటముల్లెకు చట్టదృష్టిలో ఏపాటి రక్షణ యున్నదను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము. ఒక సత్తుగిన్నె, రెండు బొంతలు, ఒక గడ్డపార, చంటిబిడ్డ ఉయ్యాలకు కట్టిన పాతచీర - వీనికిని ఒక చరిత్రయా యని అడుగువా రుండవచ్చును. రేషనుకార్డు, కూలిలెక్క వ్రాసికొన్న చీటి, బిడ్డ పుట్టిన నాటి ఆసుపత్రి కాగితము కూడ ఆ మూటలోనే యుండునని వారు గమనింపవలెను.

ఈ సంచారజీవనమునకు ప్రాచీనమైన ఉదాహరణము వడ్డెరలు. ఓడ్రదేశమునుండి వచ్చినవా రగుటచే వారికా పేరు కలిగెనని చెప్పుదురు. ఏది యెట్లున్నను వారి యింటిభాష తెలుగు. కర్ణాటకమున కల్లువడ్డలు, మణ్ణువడ్డలు, బండివడ్డలు అనియు, మహారాష్ట్రమున గాడీవడారులు, మాతీవడారులు అనియు, తమిళదేశమున ఒట్టరులనియు పిలువబడు వీరు దక్షిణాపథమునందలి చెరువులలో, బావులలో, బాటలలో తమ చేతిగుర్తును విడిచినవారు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథమునందును వీరి మట్టిపని నేర్పు వర్ణింపబడినది. ఊరిబయట, పని జరుగు తావున, చాపలతో కప్పిన తాత్కాలికపు గుడిసెలే వీరి నివాసములు. ఊరివారికి వీరి చేతిపని కావలెను. ఊరిలో వీరి నివాసము మాత్రము వలదు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని విస్తరించి, ఎరుకల మొదలగు సంచారజాతుల నడకనే అనుమానకారణముగ జేసినది. అది 1952లో గాని రద్దు కాలేదు. స్థిరమైన కప్పులేని వాని సొత్తును శంకతో జూచు అలవాటు మన పరిపాలనలో ఎంత లోతుగా నాటుకొన్నదో తెలియుటకు ఈ రెండు సంవత్సరములే చాలును.

బొంబాయి నగరమునకు ఈ చరిత్రలో ప్రత్యేకస్థానము కలదు. నైజాము రాజ్యమునుండి వెడలిన తెలుగు కూలీలు 18వ శతాబ్దాంతమునుండియు అచటికి చేరి, బాటలకును మేడలకును రాళ్లు మోసిరి. అచటివారు వీరిని కామాఠీ లనిరి. కామాఠీపుర మను పేట వీరి పేరిటనే వెలసినది. ఆ పేటకు కలిగిన అపకీర్తి తరువాతి కాలపుది. మొదట నది తెలుగు కూలిజనుల వాడ. పిమ్మట తెలంగాణపు పద్మశాలీలు నూలుమిల్లులలో పనికై వచ్చిరి. 20వ శతాబ్దమున పాలమూరు జిల్లా కూలీలు గుంపుమేస్త్రీల వెంట ఆనకట్టలకును, కాలువలకును, నగరములలో లేచు మేడలకును పోయిరి. 'పాలమూరు లేబరు' అను మాట గుత్తేదార్ల నోట ఒక వస్తువు పేరువలె నాటుకొన్నది. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలసకూలీల చట్టము కూలీలకు వసతి చూపు బాధ్యతను గుత్తేదారుపై మోపినది. ఆ వసతి యనగా రేకులో, గోనెపట్టాలో. పని ముగిసిన మరునాడు అదియు లేదు. అంతట కూలివాడు కాలిబాటను ఆశ్రయించును.

ఇక చట్టము మాటకు వత్తము. యజమానుడు కానరాని సొత్తును గూర్చి మన ప్రాచీన ధర్మశాస్త్రకారులు మిక్కిలి జాగ్రత్తగా ఆలోచించిరి. అట్టి సొత్తును రాజు మూడేండ్లు దాచియుంచవలె ననియు, ఆలోపల యజమానుడు వచ్చి కోరినచో ఈయవలె ననియు, ఆ గడువు దాటిన పిమ్మటనే రాజు గ్రహింపవచ్చు ననియు మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది. సొత్తు నాదని వచ్చినవాడు దాని రూపమును, సంఖ్యను సరిగా చెప్పవలెను, చెప్పినచో చాలును. చెప్పలేనివాడు ఆ సొత్తు విలువకు సమానమగు దండము చెల్లింపవలెను. యాజ్ఞవల్క్యుడు సుంకరులో, స్థానపాలురో తెచ్చిన వస్తువునకు గడువు ఒక యేడని విధించెను. కల్యాణనగరమున చాళుక్య విక్రమాదిత్యుని యాస్థానము నాశ్రయించి మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు ఇంకను సూక్ష్మముగా పోయెను. మొదటి యేట యజమానుడు వచ్చినచో సొత్తంతయు ఈయవలెను. రెండవ యేట పండ్రెండవ పాలును, మూడవ యేట పదియవ పాలును, ఆపైన ఆరవ పాలును కాపాడినందులకు రాజు పుచ్చుకొని తక్కినది ఈయవలెను. తప్పిపోయిన పశువులను కాచినందులకు రుసుము సయితము యాజ్ఞవల్క్యస్మృతిలో లెక్కగట్టబడినది: గుఱ్ఱము వంటి ఒంటిగిట్ట జంతువునకు నాలుగు పణములు, ఎనుమునకును ఒంటెకును ఆవునకును రెండేసి, మేకకును గొఱ్ఱెకును పాతిక పణము. మితాక్షర వెలసిన కల్యాణము నేడు కర్ణాటకములోని బీదరు జిల్లాలోనిది. తిక్కన సోమయాజి కాలమువాడగు కేతన 13వ శతాబ్దమున దీనిని 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించుటచే తెలుగువారికి తమ భాషలోనే ధర్మశాస్త్రము లభించెను.

ఈ శాస్త్రములు కులభేదమును పాటించిన వను మాట దాచదగినది కాదు. నిధి దొరికిన విద్వాంసుడగు బ్రాహ్మణుడు దానినంతయు గ్రహింపవచ్చునని చెప్పినవాడును ఆ మనువే. ఐనను ఒక సూత్రము మాత్రము అందు స్పష్టము. వస్తువు ఎచట పడియున్నదను దానికంటె, అది ఎవరిదను ప్రశ్న ముందు పుట్టును. రాజు మొదట కావలివాడు, గడువు తీరిన తరువాతనే స్వామి.

ఆంగ్లేయుల కాలపు శాసనమును ఈ సూత్రమును విడువలేదు. 1861 నాటి పోలీసు చట్టములోని 25 మొదలు 27 వరకుగల సెక్షనులు దిక్కులేని సొత్తును గూర్చినవే. పోలీసుఅధికారి దానిని స్వాధీనపరచుకొని, జాబితా వ్రాసి, మేజిస్ట్రేటునకు పంపవలెను. మేజిస్ట్రేటు వస్తువులను వివరించుచు ప్రకటన చేసి, ఆరునెలలలో హక్కుదారుడు రావలెనని పిలువవలెను. ఎవరును రానిచో అపుడే అమ్మకము. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 503వ సెక్షనునందును, పోలీసులు పట్టుకొన్న సొత్తునకు యజమాని తెలియనిచో, ఆరునెలల ప్రకటనయే నిలిచియున్నది. దారిలో ఒక ధనికుని చేసంచి పడిపోయినచో, దానికొక జాబితా, ఒక ప్రకటన, ఆరునెలల నిరీక్షణము. బాగుగనే యున్నది.

ఆ దారిలోనే, నాలుగడుగుల దూరమున, కూలికి పోయిన స్త్రీ గోడకు చేర్చి పెట్టుకొన్న మూట యున్నది. దీనికి వర్తించునది వేరొక చట్టము.

1888 నాటి బొంబాయి నగరపాలక చట్టములో 312, 313 సెక్షనులు వీధులలో కట్టడములను, అడ్డంకులను నిషేధించుచున్నవి. 314వ సెక్షను వానిని ముందుగా నోటీసు ఈయకయే తొలగింపించు అధికారమును కమిషనరునకు ఇచ్చుచున్నది. తొలగింపదగిన వస్తువుల పట్టిక చదువదగినది: అంగడిబల్ల, కుర్చీ, బెంచి, పెట్టె, నిచ్చెన, బేలు, పలక, అర, మరి యే వస్తువైనను. ఇది కాపురము చేయువాని సామాను పట్టిక కాదు, వర్తకుని పట్టిక. ప్రత్తిబేళ్లను వీధిలో దొర్లించి, దుకాణపు బల్లలను బాటపైకి జరిపిన వ్యాపారులను అదుపుచేయుటకు పనికివచ్చు మాటలివి. వర్తకునికి లోపల గిడ్డంగి యున్నది, గుమాస్తా యున్నాడు, వకీలున్నాడు. బల్ల నెత్తుకొనిపోయినను వాని కాపురము కూలదు. కాని పట్టిక చివర చేరిన 'మరి యే వస్తువైనను' అను మాటలో, తరువాతి శతాబ్దమున, కూలిజనుల కుండయు, బొంతయు, పొయ్యిరాళ్లును పడిపోయినవి. తొలగించుటకు అధికారమిచ్చిన ఆ సెక్షనులో, తొలగించిన వస్తువునకు జాబితా వ్రాయవలెనన్న మాట లేదు.

ఈ అధికారమునకు గొప్ప పరీక్ష 1981లో వచ్చినది. ఆ సంవత్సరము జూలై 13వ తేదీన మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే, బొంబాయి కాలిబాటలపై నివసించువారి నందరను బలవంతముగా తొలగించి, వారి వారి స్వస్థలములకో, నగరము వెలుపలికో పంపివేయుదుమని ప్రకటించెను. వర్షములలో ఆ గుడిసెలలో బ్రదుకుట అమానుషమని ఆయన చెప్పిన కారణము. అందుచే నిండువానలలోనే గుడిసెలు కూల్చుట ప్రారంభమైనది! జూలై 23వ తేదీన సేలము జిల్లానుండి వచ్చిన ఒక కూలివాని గుడిసెను కూల్చి, వానిని కుటుంబముతో సేలమునకు పోవు బస్సెక్కించిరి. భార్యయు కుమార్తెలును అచటనే నిలిచిపోయిరి. అతడు మాత్రము పనికై తిరిగి బొంబాయి చేరి, మరల కాలిబాటకే వచ్చెను. ఈ సంగతి సుప్రీంకోర్టు తీర్పులోనే చేరియున్నది. దక్షిణాదినుండి వచ్చిన కూలివాని చరిత్రకు ఇంతకంటె సూటియైన సాక్ష్యము వేరొకటి వెదకనక్కరలేదు.

పాత్రికేయురాలగు ఓల్గా టెల్లిస్ మొదలగువారును, కాలిబాటలవారు కొందరును వేసిన పిటిషనులపై 1985 జూలై 10వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. వ్రాసినవారు ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్. రాజ్యాంగపు 21వ అధికరణము చెప్పు ప్రాణహక్కులో జీవనోపాధి హక్కును ఇమిడియున్నదని ఆ తీర్పు స్థాపించినది. దానికి లభించిన కీర్తి యంతయు ఆ వాక్యమువలన వచ్చినదే. కాని మన విషయమునకు ముఖ్యమగునది వేరు. 314వ సెక్షను చెల్లునని కోర్టు అనెను. నోటీసు లేకుండ తొలగింపవచ్చునను మాట అధికారము నిచ్చునదే గాని, నోటీసు ఈయరాదని శాసించునది కాదనియు, అత్యవసరమైన సందర్భములలో తప్ప ముందుగా వారి మాట వినుట న్యాయమనియు వివరించెను. ఇంతవరకు బాగు. అంతట, మీ మాటను కమిషనరు వినకున్నను మేము ఈ విచారణలో సమృద్ధిగా వింటిమి గనుక మరల వినవలసిన పని లేదని ముగించెను! న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ మలుపును చూచి నేటికిని ఆశ్చర్యపడుదురు. వానకాలము గడచువరకు, అనగా 1985 అక్టోబరు 31 వరకు, తొలగింపు వాయిదా పడినది. అదే సంవత్సరమున మద్రాసు నగరపు మురికివాడల, కాలిబాటల వారి విషయమునను సుప్రీంకోర్టు ఈ మార్గమునే అనుసరించినది.

తీర్పులో మరియొక ఏర్పాటు కలదు. 1976 నాటి లెక్కలలో చేరి గుర్తింపుకార్డు పొందినవారికి వేరుచోట స్థలము చూపవలెను. ఐతే అది తొలగింపునకు ముందు జరిగితీరవలసిన షరతు కాదు. ఇచటనే మూట ముఖ్యమగుచున్నది. తొమ్మిదేండ్లనాటి కార్డు ఎచట నుండును? బీరువా లేనివానికి, తాళము లేనివానికి, అది బొంత మడతలోనో, డబ్బాలోనో యుండును. ఆ బొంతయు డబ్బాయు నోటీసు లేకుండ బండిలో పడిపోయినచో, స్థలము కోరు హక్కును దానితోడనే పోయినది. ఒక చేతితో హక్కునిచ్చి, ఆ హక్కునకు ఆధారమగు కాగితమును రెండవచేతితో చెత్తబండిలో వేయుట యిది. మనువు అడిగినది వస్తువు రూపమును సంఖ్యను చెప్పుమని మాత్రమే. నేటి అధికారి అడుగునది కాగితము. కాలిబాటవాని గుడిసెను గూర్చి, ఉపాధిని గూర్చి అన్ని పుటలు వ్రాసిన తీర్పు, తొలగించిన సామానును ఎచట దాచవలెను, ఎన్నాళ్లు దాచవలెను అను విషయమున ఏ నియమమును విధింపలేదు.

ఆ తీర్పు వెలువడిన యేడాదియే స్పార్క్ అను సేవాసంస్థ బైకుల్లా పరిసరములగు 'ఇ' వార్డు కాలిబాటలపై నివసించు సుమారు 6 వేల కుటుంబముల వివరములు సేకరించి ప్రకటించినది. తరములుగా తెలుగు కూలీలు నివసించిన కామాఠీపురయు ఆ వార్డులోనిదే. కాలిబాటవారు నగరమునకు నిన్న వచ్చి రేపు పోవు అతిథు లను అపోహను ఈ గ్రంథము తొలగించినది.

ఇట్టి ప్రశ్నయే మరియొక దేశమున సూటిగా సామానును గూర్చియే కోర్టులకు పోయినది. అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరమున స్కిడ్‌రో అను పేటలో ఇండ్లులేనివారు వేలకొలది వీధులలో నివసించుచున్నారు. భోజనమునకో, స్నానమునకో, కోర్టు వాయిదాకో వారు కొంతసేపు పోయినపుడు నగరోద్యోగులు వారి సామానును పట్టి, యంత్రములతో నలిపి పారవేయుచుండిరి. అందులో మందులు, గుర్తింపు పత్రములు, కుటుంబపు జ్ఞాపికలు నుండెను. కాలిబాటపై సామాను విడుచుటయే నేరమని నగరశాసనము చెప్పుచున్నందున, అట్లు విడిచిన వస్తువుపై వారికి రక్షింపదగిన హక్కే లేదని నగరము వాదించినది. 2012 సెప్టెంబరులో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలుకోర్టు ఈ వాదమును త్రోసిపుచ్చినది. నియమమును ఉల్లంఘించినందుకు శిక్షింపవచ్చును గాని, సొత్తు మీది హక్కు దానివలన ఆవిరి కాదు. కొంతసేపు విడుచుట వేరు, వదలివేయుట వేరు. 2016లో సవరించిన నగరశాసనము తీసికొనిపోయిన సామానును 90 దినములు దాచు పద్ధతి పెట్టినది; ఒక్కొక్కరు ఉంచుకొనదగిన సామానునకు 60 గ్యాలన్ల తొట్టి పరిమాణమును హద్దుగా నిర్ణయించినది. మనిషి సంసారమును తొట్టితో కొలుచుట మనకు వింతగా దోచును. కాని లెక్క లేకుండుటకంటె ఆ లెక్కయే మేలు. 2024 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు, గ్రాంట్స్‌పాస్ నగరపు వ్యాజ్యములో, బహిరంగస్థలములలో నిద్రించువారిని శిక్షించుట రాజ్యాంగవిరుద్ధము కాదని చెప్పినది. అది నిద్రను గూర్చిన తీర్పు. సామానును గూర్చి అది నిర్ణయింపలేదు.

మన దేశమున ఓల్గా టెల్లిస్ తీర్పునకు పిమ్మట నడచిన నడక ఏకరీతిగా లేదు. 1996లో అహమ్మదాబాదు కాలిబాటల వ్యాజ్యమున, చిరకాలముగ నున్నవారికి పదిదినములో రెండు వారములో గడువుతో నోటీసు ఈయవలెనని సుప్రీంకోర్టు సూచించినది. 2014లో వీధివర్తకుల చట్టము వచ్చినది. దాని 19వ సెక్షను చదివినచో మనసునకు కొంత నెమ్మది కలుగును. అధికారి సరకును పట్టుకొన్నచో జాబితా వ్రాసి, సంతకము చేసిన నకలును వర్తకునికి ఈయవలెను. వర్తకుడు వచ్చి అడిగినచో చెడిపోవు సరకును ఆ దినముననే, చెడిపోని సరకును రెండు పనిదినములలో విడిచిపెట్టవలెను. అనగా బుట్టలోని టమాటాలకు నేడు రసీదు కలదు. ఆ బుట్టప్రక్కనే పరుండు కూలివాని బొంతకు లేదు. ఏలయన అది అమ్మకపు వస్తువు కాదు.

2024 నవంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు బుల్డోజరు కూల్చివేతలపై ఇచ్చిన తీర్పు దేశమంతట ప్రశంస పొందినది. పదునైదు దినముల నోటీసు లేనిదే ఏ యింటిని కూల్చరాదని అది శాసించినది. రాత్రికి రాత్రి ఆడువారిని, బిడ్డలను, వృద్ధులను వీధికి లాగుట చూడదగిన దృశ్యము కాదని అనెను. కాని ఈ ఆదేశములు రోడ్డు, వీధి, కాలిబాట, రైలుపట్టాల ప్రక్కభూమి, నది లేక జలాశయము వంటి బహిరంగస్థలములలోని అనధికార కట్టడములకు వర్తింపవని ఆ తీర్పే మినహాయించినది. ఇదివరకే వీధిలో నున్నవారికి ఆ నోటీసు లేదు. 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి జనాభాలెక్కలవారు దేశమున ఇండ్లులేనివారిగా లెక్కించినవారు 17.73 లక్షలు. పైకప్పుగల గుడిసెలోనివారు ఈ లెక్కలోనికి రారు గనుక, దారిప్రక్క బ్రదుకువారు ఇంతకంటె హెచ్చుగనే యుందురు.

బొంబాయి మాట ఎక్కువగా చెప్పితిమి గాని, తెలుగునేలమీది చట్టము దీనికి భిన్నమని భావింపరాదు. గ్రేటర్ హైదరాబాదు నగరపాలక చట్టముగా నేడు పిలువబడు 1955 నాటి చట్టములో 405వ సెక్షను ఉన్నది. దాని శీర్షికయే 'నోటీసు లేకుండ' అను మాటతో కమిషనరునకు తొలగింపు అధికారమిచ్చుచు 1888 నాటి బొంబాయి చట్టమును తలపింపజేయును. కావున పాలమూరు కూలివాడు బొంబాయిలో 314వ సెక్షను నీడను, హైదరాబాదులో 405వ సెక్షను నీడను నిద్రించును. భాష మారును, మేస్త్రీ మారును, సెక్షను సంఖ్య మారును. మూటకు మాత్రము రెండు తావులను ఒకటే గతి.

శాసనకర్తలు క్రొత్తగా కనిపెట్టవలసినది ఎక్కువ లేదు. 2014 నాటి చట్టములో సరకునకు వ్రాసిన వాక్యములను ఈ రెండు సెక్షనుల క్రింద కాపురపు సామానునకును చేర్చినచో చాలును: జాబితా, సంతకము, నకలు, విడుదలకు గడువు. దానికి తోడు ప్రతి వార్డుకార్యాలయమున తాళముగల ఒక గది కావలెను. కూలికి పోయినవారు పొద్దుక్రుంకిన పిమ్మట గాని రాలేరు గనుక, ఆ గది రాత్రి తొమ్మిది గంటలవరకైనను తెరచియుండవలెను. కార్డు పోయినవారిని కార్డు చూపుమని అడుగక, మూటలో ఏమేమి యున్నవో చెప్పుమని అడుగవలెను. గిన్నె యంచునకు పడిన సొట్టను, చీర కొంగుకు వేసిన మాసికను దాని యజమానురాలు చూడకయే చెప్పగలదు.